చిట్టా నుంచి ఆవర్జాకు

ఉదయం తొమ్మిదిన్నర. ఆఫీసు షట్టర్ ఎత్తి, ఫ్యాను వేసి, కంప్యూటర్ ఆన్ చేస్తారు. టీ ఇంకా రాలేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి నిన్నటి అమ్మకాలను ఎక్స్‌పోర్ట్ కొడతారు. ఆ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి, అక్కర్లేని కాలమ్‌లు తీసేసి, తేదీలు సరిచేసి, మొన్నటి ఫైలు కింద అతికించి, మొత్తాలు వేసి ఓనరు గారికి వాట్సాప్ చేసేసరికి పదకొండవుతుంది. రేపు మళ్లీ ఇదే పని. ఆదివారం సెలవు తీసుకుంటే సోమవారం రెండు రోజులది మీద పడుతుంది.

తెనాలిలో నాకు తెలిసిన ఒక పాల ఏజెన్సీలో లెక్కలు చూసే అమ్మాయి నాలుగేళ్లు ఇదే చేసింది. బీకాం చదివింది, కోడింగ్ జోలికి ఎప్పుడూ పోలేదు. ఇప్పుడు ఆ పని రోజూ పొద్దున్న దానంతటదే అయిపోతోంది. ఆ అమ్మాయి ఏం చేసింది, నేను పక్కన కూర్చుని ఏమేం తప్పు చేయించాను అన్నదే ఈ అధ్యాయం. తప్పుల్లో సగానికి పైగా నావే.

మన పాత దుకాణాల్లో రెండు పుస్తకాలు ఉండేవి. గల్లాపెట్టె పక్కన చిట్టా. బేరం జరిగిన వెంటనే, జరిగిన వరసలోనే అందులో పడేది. సాయంత్రం గుమాస్తా తీరిగ్గా కూర్చుని చిట్టాలోని పద్దులను ఖాతాల వారీగా ఆవర్జాలోకి ఎక్కించేవాడు. ఫలానా ఆసామి బాకీ ఎంత అని అడిగితే చిట్టా తిరగేస్తూ కూర్చుంటే తెల్లవారుతుంది. ఆవర్జాలో అయితే ఒక్క పేజీ.

మీ బిల్లింగ్ వెనకున్న మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ చిట్టా. ఒక్కో బిల్లును చటుక్కున రాసుకోవడం, చటుక్కున తీసి చూపడం దాని పని. స్నోఫ్లేక్, బిగ్‌క్వెరీ లాంటి క్లౌడ్ డేటా వేర్‌హౌస్ ఆవర్జా. అది ఒక్కో కాలమ్‌ను విడిగా సర్దుకుంటుంది కాబట్టి మూడేళ్ల అమ్మకాల్లోంచి పెరుగు ప్యాకెట్ల మొత్తం ఒక్కటే కావాలంటే మిగతా కాలమ్‌లను ముట్టుకోకుండానే లెక్క తేలుస్తుంది. అదే ప్రశ్న చిట్టాను అడిగితే జవాబైతే చెబుతుంది గానీ, అది చెప్పేలోగా కౌంటర్ దగ్గర బిల్లు కోసం నిలబడ్డ మనిషి గడియారం చూసుకుంటాడు.

నో-కోడ్ ఆటోమేషన్ అన్నది మూడో పాత్ర: గుమాస్తా. జీతం తక్కువ, సెలవులు లేవు, అలగడు. చిక్కల్లా ఒకటే, చెప్పింది తప్ప మరొకటి చేయడు. పాత గుమాస్తాకు ఎవరూ చెప్పకుండానే తెలిసినవి చాలా ఉండేవి. కొట్టేసిన పద్దు ఎక్కించకూడదని తెలుసు. నిన్న ఎక్కించింది మళ్లీ ఎక్కించకూడదని తెలుసు. అర లీటరును లీటరుగా రాయకూడదనీ తెలుసు. కొత్త గుమాస్తాకు ఇవన్నీ విడమరిచి చెప్పాలి. తెరమీద రెండు డబ్బాల మధ్య గీత గీయడం పది నిమిషాల పని. ఈ విడమరచడానికే రోజులు పడతాయి.

అసలు మీకు ఆవర్జా కావాలా?

ముందు ఒక మాట నిజాయితీగా చెప్పుకుందాం. ఒకే కొట్టు, ఒకే సాఫ్ట్‌వేర్, ఏడాదికి కొన్ని వేల బిల్లులు ఉన్నవాళ్లకు స్నోఫ్లేక్ దండగ. డేటాబేస్‌కు ఒక నకలు పెట్టుకుని రిపోర్టులు దాని మీద తీసుకుంటే సరిపోతుంది. లెక్కలు నాలుగు చోట్ల చెదిరి ఉన్నప్పుడే వేర్‌హౌస్ విలువ తెలుస్తుంది. తెనాలి ఏజెన్సీకి మూడు ఊళ్లలో డిపోలున్నాయి. రూట్ వ్యాన్ల బిల్లింగ్ ఒకటి, ఇళ్లకు పాలు వేయించుకునేవాళ్ల యాప్ ఒకటి, ఖర్చులన్నీ ట్యాలీలో. పైగా ఓనరు గారి అబ్బాయి డల్లాస్‌లో డేటా ఉద్యోగం చేస్తున్నాడు. నాన్నగారి వ్యాపారాన్ని అక్కణ్నుంచే చూసుకోవాలని స్నోఫ్లేక్ ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ ఈ అమ్మాయికి పంపి, తన పని అయిపోయిందనుకున్నాడు.

స్నోఫ్లేక్ గురించి ఒక్క సంగతి తెలిస్తే చాలు. 2012లో కాలిఫోర్నియాలో ముగ్గురు మొదలుపెట్టిన కంపెనీ అది. వాళ్లలో ఇద్దరు, బెన్వా దాజ్‌విల్, తియెరీ క్రువాన్, ఒరాకిల్ నుంచి బయటికొచ్చినవాళ్లు. డేటా దాచే చోటునూ లెక్కలు వేసే యంత్రాన్నీ విడదీయడమే వాళ్ల ఆలోచన. ఇంటి మీద ట్యాంకు వేరు, బోరు మోటారు వేరు అయినట్టు. ట్యాంకులో నీళ్లున్నందుకు అయ్యే ఖర్చు స్వల్పం. మోటారు తిరిగినంతసేపే కరెంటు మీటరు గిర్రున తిరుగుతుంది. ఆ మోటారుకు వాళ్లు పెట్టిన పేరు కూడా వేర్‌హౌసే, అది వేరే గందరగోళం. ఈ అధ్యాయంలో నేను మోటారు అనే అంటాను.

గుమాస్తాను ఎంచుకోవడం

ఈ పనిముట్లలో రెండు జాతులున్నాయి. జేపియర్, మేక్, ఎన్‌ఎయిట్‌ఎన్ లాంటివి ఫలానాది జరిగితే ఫలానాది చెయ్యి అనే రకం. ఫైవ్‌ట్రాన్, ఎయిర్‌బైట్ లాంటివి టేబుళ్లకు టేబుళ్లనే ఎత్తి పక్కన నకలు పెట్టే రకం. మొదటి రకం చేతి సంచి, రెండోది లారీ. రోజుకు కొన్ని వందలు, వేల బిల్లులైతే సంచి చాలు. లక్షల్లో ఉంటే లారీ మాట్లాడుకోండి. సంచితో టేబుల్‌లోని లక్ష వరసలు (రోలు) మోయించబోయి, ఒక్కోటి విడివిడిగా స్నోఫ్లేక్‌లో రాయిస్తూ, ఇంత నెమ్మదేమిటని స్నోఫ్లేక్‌ను తిట్టినవాళ్లను చూశాను. దానికి ముద్దలు ముద్దలుగా పెట్టాలి, మెతుకు మెతుకుగా కాదు.

ధర పట్టిక చూసేటప్పుడు నెల చందా కంటే ముందు వాళ్లు దేన్ని లెక్కపెడతారో చూడండి. జేపియర్ పూర్తయిన ప్రతి పనినీ ఒక టాస్క్‌గా లెక్కిస్తుంది. మేక్ కూడా ఫ్లోలోని, అంటే మనం గీతలతో కలిపిన డబ్బాల వరసలోని, అంచెలను బట్టే లెక్క కడుతుంది. ఎన్‌ఎయిట్‌ఎన్ మొత్తం ఫ్లో ఒకసారి నడిస్తే ఒకటిగా లెక్కేస్తుంది, లోపల ఎన్ని బిల్లులు పోయినా సరే. ఫైవ్‌ట్రాన్ ఆ నెలలో కొత్తగా చేరిన, మారిన రోలను లెక్కపెడుతుంది. రోజుకు ఎనిమిది వందల బిల్లులున్న ఏజెన్సీకి ఈ తేడా చిన్నది కాదు. బిల్లుకో టాస్క్ అయితే నెలకు ఇరవై నాలుగు వేలు, రోజుకో ఫ్లో అయితే నెలకు ముప్ఫై. మేం ఎన్‌ఎయిట్‌ఎన్ తీసుకున్నాం. సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చన్నది ఇంకో కారణం. మీరు ఇంకోటి తీసుకున్నా నాకేం పట్టింపు లేదు, కింద చెప్పే ప్రశ్నలు అన్నింటికీ ఒకటే.

ఒక పట్టింపు మాత్రం ఉంది. గుమాస్తా చేతికి ఇంటి తాళాలన్నీ ఇవ్వకండి. డేటాబేస్‌లో అతనికి విడిగా ఒక యూజర్ పెట్టించండి, చదివే హక్కు మాత్రమే, అదీ కావలసిన రెండు మూడు టేబుళ్ల మీదే. మైఎస్‌క్యూఎల్ 3306 పోర్టు మీద వింటుందని లోకమంతటికీ తెలుసు. ఆ తలుపు ఊరందరికీ తెరవకుండా గుమాస్తా ఐపీ అడ్రసుకు మాత్రమే తెరవమని మీ సాఫ్ట్‌వేర్ వాళ్లను అడగండి. స్నోఫ్లేక్ ఖాతాకు రెండో అంచె ధ్రువీకరణ పెట్టండి. 2024లో స్నోఫ్లేక్ వాడే ఎన్నో పెద్ద కంపెనీల డేటా పోయింది తాళాలు పగిలి కాదు. ఎక్కడో దొంగిలించిన పాస్‌వర్డులతో, రెండో అంచె లేని ఖాతాల్లోకి తిన్నగా నడిచి వెళ్లారు. ఖాతాదారుల ఫోన్ నంబర్లు, చిరునామాలు అమ్మకాల రిపోర్టుకు అక్కర్లేదు కదా, వాటిని అసలు దాటించకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మీ చిన్న ఆఫీసునూ వదిలిపెట్టదు.

ఏది కొత్త పద్దు?

ఆ అమ్మాయిని నేను అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆమె తడుముకోలేదు. ‘నిన్నటి బిల్లు నంబరు తర్వాత వచ్చినవన్నీ కొత్తవే కద సార్!’ నేనూ తలూపాను. ఎన్‌ఎయిట్‌ఎన్‌లో మూడు డబ్బాలు పెట్టాం. మొదటిది రోజూ ఫలానా గంటకు లేపేది, రెండోది మైఎస్‌క్యూఎల్ నుంచి తెచ్చేది, మూడోది స్నోఫ్లేక్‌లో రాసేది. నడిచింది. చప్పట్లు కొట్టుకున్నాం.

వారం తర్వాత రెండు లెక్కలకూ పొత్తు కుదరలేదు. చిట్టాలో తక్కువ, ఆవర్జాలో ఎక్కువ. కారణం వెతకడానికి సగం రోజు పట్టింది, తెలిశాక సిగ్గేసింది. పాల వ్యాపారంలో బిల్లు కొట్టాక కథ అయిపోదు. ప్యాకెట్లు కారిపోయాయని, విరిగిపోయాయని బూత్‌ల వాళ్లు మధ్యాహ్నం వెనక్కి పంపుతారు. పొద్దుటి బిల్లునే తెరిచి అంకె తగ్గిస్తారు. బిల్లు నంబరు పాతదే కాబట్టి గుమాస్తా దానివైపు మళ్లీ చూడడు. మొదటిసారి చూసిన అంకే ఆవర్జాలో రాయిలా ఉండిపోయింది.

అందుకని నంబరును నమ్ముకోకండి. ప్రతి రోలో చివరిసారి మార్చిన సమయం తనంతట తాను పడే కాలమ్ ఉందేమో అడగండి. మైఎస్‌క్యూఎల్‌లో అలాంటి కాలమ్ పెట్టడం సాఫ్ట్‌వేర్ వాళ్లకు చిన్న పని, బతిమాలడమే పెద్ద పని. అది ఉంటే, గత మూడు రోజుల్లో మారినవన్నీ తీసుకురా అని చెప్పొచ్చు. ఒక్క రోజే ఎందుకు కాదంటే, ఒక రోజు ఇంటర్‌నెట్ పోతుంది, ఇంకో రోజు సర్వర్ నిద్రపోతుంది. మూడు రోజులు తెమ్మంటే ఆ కంతలు వాటంతటవే పూడుతాయి.

పూర్తిగా చెరిపేసిన బిల్లు మాత్రం ఈ వలకూ చిక్కదు. లేనిదాన్ని ఎవరు తీసుకొస్తారు? బిల్లును చెరపకుండా ‘రద్దు’ అని గుర్తు పెట్టే అలవాటు మీ ఆఫీసులో తీసుకురాగలిగితే సగం తలనొప్పి పోతుంది. పాత గుమాస్తాలు చిట్టాలో తప్పు పద్దును అడ్డంగా కొట్టేసేవాళ్లు, కాగితం చింపేవాళ్లు కాదు.

స్వీట్లు తెప్పించిన రోజు

మూడు రోజులవి తెస్తే ఒకే బిల్లు మూడుసార్లు వస్తుంది కదా అని మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. మాకు తట్టలేదు. స్నోఫ్లేక్ టేబుల్‌కు బిల్లు నంబరు ప్రైమరీ కీ అని ప్రకటించాం, రెండోసారి వస్తే అదే అడ్డుకుంటుందని ధీమా. మైఎస్‌క్యూఎల్ అయితే అడ్డుకుంటుంది. స్నోఫ్లేక్ మామూలు టేబుళ్లలో ఆ ప్రకటనను రాసుకుంటుంది గానీ పాటించమని పట్టుబట్టదు. మర్యాదగా తల ఊపి అన్నింటినీ లోపలికి రానిస్తుంది.

మర్నాడు ఆ అమ్మాయి ఫోన్. ‘సార్, సేల్స్ బాగా పెరిగాయని ఓనరు గారు స్వీట్లు తెప్పించారండీ. నాకు తినబుద్ధి కావట్లేదు.’

విరుగుడు ఇది. తెచ్చిన బిల్లులను తిన్నగా ఇంట్లోకి తేకుండా ముందు అరుగు మీద దించండి, అంటే ఒక తాత్కాలిక టేబుల్‌లో. దాన్ని ప్రతిసారీ మొదట ఖాళీ చేయాలి. తర్వాత స్నోఫ్లేక్‌లోని మెర్జ్ అనే ఆజ్ఞతో అరుగు మీది సరుకును లోపలికి పంపండి. ఈ నంబరు బిల్లు లోపల ఉంటే సరిదిద్దు, లేకపోతే కొత్తగా చేర్చు అన్నదే దాని అర్థం. అప్పుడు ఫ్లో పొరపాటున పదిసార్లు నడిచినా ఆవర్జాలో బిల్లు ఒక్కటే ఉంటుంది. మీ ఫ్లో సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఇదే పరీక్ష. వెంటవెంటనే రెండుసార్లు నడపండి. మొత్తం మారితే ఏదో తప్పుంది.

నో-కోడ్ అని పిలిచి ఆజ్ఞలు రాయమంటున్నావేమిటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ మెర్జ్ పది పదిహేను పంక్తుల ఎస్‌క్యూఎల్. ఏ ఏఐ అసిస్టెంటును అడిగినా రాసిస్తుంది. ఒక్కసారి రాస్తే ఏళ్ల తరబడి దాన్ని ముట్టుకోనక్కర్లేదు. కోడ్ చుక్క కూడా లేకుండా పెద్ద పనులన్నీ అయిపోతాయని చెప్పేవాళ్లు సాధారణంగా అమ్మేవాళ్లు.

పాలు తెనాలిలో, గంట న్యూయార్క్‌లో

ఈ అధ్యాయంలో ఒక్క భాగమే గుర్తుంచుకునే ఓపిక ఉంటే, ఇది గుర్తుంచుకోండి.

ఫ్లోను పొద్దున్న ఆరింటికి నడవమన్నాం. సాయంత్రం నాలుగున్నరకు నడిచింది. సొంత సర్వర్‌లో పెట్టుకున్న ఎన్‌ఎయిట్‌ఎన్‌కు కాలమండలం ఏదో మనం చెప్పకపోతే న్యూయార్క్ అనుకుంటుంది. అది జనవరి కాబట్టి అక్కడి ఆరు మనకు నాలుగున్నర. వేసవిలో అయితే మూడున్నర అయ్యేది, ఎందుకంటే అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు. సెట్టింగుల్లో ఆసియా/కోల్‌కతా అని పెడితే పోయింది.

రెండోది. స్నోఫ్లేక్ కొత్త ఖాతా కాలమండలం మనం మార్చేవరకు లాస్ ఏంజెలిస్. పొద్దున్న తొమ్మిదికి ఈ రోజు అమ్మకాలు చూపించమంటే, దాని దృష్టిలో ఇంకా నిన్న సాయంత్రం ఏడున్నరే. ఆ చలికాలంలో మనకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయితే గానీ దానికి తేదీ మారదు. ఖాతా స్థాయిలో ఒక్క అమరిక మారిస్తే ఇదీ పోతుంది.

మూడోది వెంటనే కనపడలేదు. డేటాబేస్ సర్వర్ క్లౌడ్‌లో ఉంది, దాని గడియారం యూటీసీ. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. అంటే మన దగ్గర తెల్లవారుజామున ఐదున్నర లోపు పడ్డ బిల్లు ఏదైనా అక్కడ నిన్నటి తేదీతో ఉంటుంది. బట్టల కొట్టుకైతే దీనివల్ల పెద్దగా ఏమీ కాదు, పదింటికి తెరుస్తారు కాబట్టి. పాల వ్యాన్లు రెండున్నరకే లోడవుతాయి. దాదాపు పాల బిల్లులన్నీ ఐదు లోపే. పెరుగు, మజ్జిగ మాత్రం పగటి పూట. కాబట్టి ఆవర్జాలో ఆదివారం పాలు శనివారంలో, ఆదివారం పెరుగు ఆదివారంలో కూర్చున్నాయి. రోజువారీ పాల అమ్మకం ఇంచుమించు ఒకేలా ఉంటుంది, ఎవరికీ అనుమానం రాలేదు.

సంక్రాంతి వచ్చింది. పండగ పొద్దున పరమాన్నానికి ప్రతి ఇంట్లో ఒకటి రెండు ప్యాకెట్లు ఎక్కువ తీసుకుంటారు. రిపోర్టులో ఆ గంతు భోగి నాడే కనిపించింది. డల్లాస్ అబ్బాయి గ్రాఫ్ చూసి, మనవాళ్లు భోగికే ఎక్కువ కొంటున్నారు, వచ్చే ఏడాది లోడు ఒక రోజు ముందు పెంచుదాం అని మెసేజ్ పెట్టాడు. దాన్ని చదివిన వాళ్లమ్మగారు ‘భోగినాడు పరమాన్నం ఎవరు వండుతారురా?’ అన్నారట. మా మూడు గడియారాలకూ అందనిది ఆవిడ వంటింట్లోంచి పట్టుకున్నారు.

చేయవలసిందేమిటంటే, సమయాన్ని మీరే మార్చండి, ఒకే ఒక్క చోట. మేం అరుగు మీంచి లోపలికి పంపే అంచెలో ప్రతి సమయానికీ ఐదున్నర గంటలు కలిపి, వ్యాపార తేదీ అనే కొత్త కాలమ్‌లో వేశాం. రిపోర్టులన్నీ దాని మీదే. అసలు సమయాన్ని వచ్చినది వచ్చినట్టు పక్కన ఉంచాం, రేపు తగాదా వస్తే చూసుకోవడానికి. ముందుగా మీ డేటాబేస్‌లో ఒక బిల్లు ఏ గంటకు పడిందో, దాని ప్రింట్ కాగితం మీద ఏ గంట ఉందో పక్కపక్కన పెట్టి చూడండి. ఊహించకండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు భారత సమయమే రాస్తాయి. అప్పుడు మళ్లీ ఐదున్నర కలిపితే ఇంకో తప్పు.

అర లీటరు లీటరైన వైనం

కాలమ్‌ల రకాల దగ్గర రెండు మూడు గుంటలు ఉన్నాయి. స్నోఫ్లేక్‌లో నంబర్ అని మాత్రమే రాసి దశాంశ స్థానాలు చెప్పకపోతే, సున్నా స్థానాలని అర్థం. అర లీటరు ప్యాకెట్టు పరిమాణం 0.5 లోపలికి వెళ్లేసరికి గుండ్రమై 1 అవుతుంది. ఏ ఎర్రర్ రాదు, ఏ గంటా మోగదు. డబ్బుకు రెండు, లీటర్లకు మూడు స్థానాలు అని విప్పి చెప్పండి. పాత మైఎస్‌క్యూఎల్ డేటాబేసుల్లో తేదీ తెలియనప్పుడు అన్నీ సున్నాలతో ఒక తేదీ వేసి ఉంచుతారు. స్నోఫ్లేక్ దాన్ని తేదీగా ఒప్పుకోదు, దాటించే ముందే ఖాళీగా మార్చాలి.

పేర్ల సంగతి ఇంకా తమాషా. మైఎస్‌క్యూఎల్ మామూలు అమరికలో ఇంగ్లిష్ పెద్దక్షరాలు, చిన్నక్షరాలు ఒకటే. స్నోఫ్లేక్‌కు వేర్వేరు. ఒకరు అన్నీ పెద్దక్షరాల్లో, ఇంకొకరు మొదటిది మాత్రమే పెద్దక్షరంగా కొట్టిన ‘తెనాలి’ చిట్టాలో ఒకే ఊరు, ఆవర్జాలో రెండు ఊళ్లు. తెలుగులో పేర్లు రాసుకునేవాళ్లకు ఇంకో చిక్కు. ప్రకాశ్ అని పొల్లుతో ముగిసే పేరు చివర కొన్ని కీబోర్డులు కంటికి కనపడని ఒక గుర్తును వదులుతాయి. తెర మీద రెండు ప్రకాశ్‌లూ కవలలే, స్నోఫ్లేక్ లెక్కలో మాత్రం ఇద్దరు మనుషులు. పేరు మీద రెండు టేబుళ్లను ఎప్పుడూ కలపకండి, కోడ్ నంబరు మీద కలపండి. ఇక తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తే, దారిలో ఎక్కడో యూటీఎఫ్-8 కాని అమరిక ఒకటి కూర్చుని ఉందన్నమాట.

మోటారు బిల్లు

ఇది చిన్న లెక్క, కానీ వేసుకోకపోతే నెలాఖరున గుండె ఆగుతుంది. స్నోఫ్లేక్‌లో అతి చిన్న మోటారు గంట తిరిగితే ఒక క్రెడిట్. దాని పైది రెండు, ఆపైది నాలుగు. లెక్క సెకన్ల మీదే గానీ, లేచిన ప్రతిసారీ కనీసం అరవై సెకన్లకు కడతారు. పని లేనప్పుడు ఎంతసేపటికి ఆగాలో మనమే చెప్పాలి. ఆజ్ఞతో మోటారును సృష్టిస్తూ ఆ మాట చెప్పకపోతే పది నిమిషాలు.

ఇప్పుడు తాజాగా ఉండాలి కదా అని ఫ్లోను ఐదు నిమిషాలకోసారి నడిపారనుకోండి. పది నిమిషాలు ఖాళీ దొరికితే గానీ మోటారు ఆగదు, ఐదు నిమిషాలకే మీరు మళ్లీ లేపుతున్నారు. అది ఎప్పటికీ పడుకోదు. రోజుకు 24 క్రెడిట్లు, నెలకు 720. అదే ఫ్లోను రోజుకు ఒకసారి నడిపి, ఆగే సమయం 60 సెకన్లని పెడితే నెలంతా కలిపి ఒకటి రెండు క్రెడిట్ల దగ్గరే ఉంటుంది. ఎనిమిది వందల బిల్లులను మెర్జ్ చేయడం దానికి క్షణాల పని. ఓనరు గారు రోజుకు ఎన్నిసార్లు రిపోర్టు చూస్తారని ఆ అమ్మాయిని అడిగాను. ‘టిఫిన్ చేస్తూ ఒకసారండీ.’ అయితే టిఫిన్‌కు ముందు ఒకసారి నడిస్తే చాలు.

మూడు అంకెలు

ఫ్లో ఆగిపోతే చెప్పే ఏర్పాటు ప్రతి పనిముట్టులోనూ ఉంటుంది. ఎన్‌ఎయిట్‌ఎన్‌లో ఎర్రర్ వస్తే లేచే ఫ్లోను విడిగా పెట్టి టెలిగ్రామ్‌కో మెయిల్‌కో కబురు పంపించవచ్చు. పెట్టండి, ఐదు నిమిషాల పని. కానీ నాకు ఆగిపోయిన ఫ్లో అంటే పెద్ద భయం లేదు. ఆకుపచ్చ టిక్కు పెట్టి, సున్నా బిల్లులు మోసి, పని అయిందని చెప్పే ఫ్లో అంటేనే భయం.

అందుకే చివర ఇంకో అంచె పెట్టాం. నిన్నటి వ్యాపార తేదీకి బిల్లులు ఎన్ని, లీటర్లు ఎన్ని, రూపాయలు ఎన్ని అని చిట్టానూ ఆవర్జానూ విడివిడిగా అడిగి, ఆరు అంకెలనూ పక్కపక్కన పెట్టి రోజూ పొద్దున్న ఆ అమ్మాయి ఫోన్‌కు పంపుతుంది. అన్నీ సరిపోయినా సరే పంపుతుంది. మెసేజ్ రాకపోవడం కూడా కబురే కావాలి కదా. పదిహేను రోజులు పాత ఎక్సెల్ పద్ధతినీ కొత్తదాన్నీ జంటగా నడిపాం. మూడో రోజు అర లీటరు దొరికింది, తొమ్మిదో రోజు రెండు తెనాలులు దొరికాయి. ఆ పదిహేను రోజులూ ఆమెకు పని తగ్గలేదు, పెరిగింది. ఇది మీ మేనేజరుకు ముందే చెప్పి పెట్టుకోండి.

ఎదురు దారి గురించి కూడా ఒక మాట. ఆవర్జాలో తేలిన బాకీలను తిరిగి బిల్లింగ్ డేటాబేస్‌లోకి పంపి, బాకీ ఎక్కువున్న బూత్‌కు బిల్లు కొట్టేటప్పుడే హెచ్చరిక రావాలని కొందరు అడుగుతారు. చేయవచ్చు. కానీ దానికి రాసే హక్కు కావాలి, కాబట్టి వేరే యూజర్, వేరే టేబుల్. అసలు బిల్లుల టేబుల్‌ను తాకనివ్వకండి. తాకనిస్తే, ఇటు నుంచి అటు వెళ్లిన మార్పు అటు నుంచి ఇటు కొత్త మార్పులా వచ్చి, మళ్లీ వెళ్లి, రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటాయి. మొదటి దారి ఆరు నెలలు కుదురుగా నడిచాక దీని గురించి ఆలోచించండి.

ఆఖరి పని కాగితం మీద. పాస్‌వర్డులు ఎవరి దగ్గర ఉన్నాయి, ఫ్లో ఎక్కడ ఉంది, ఎన్నింటికి నడుస్తుంది, ఆగితే చేత్తో ఎలా నడపాలి, అంకెలు సరిపోకపోతే ముందు ఏం చూడాలి. ఒక్క పేజీ దాటకూడదు. నేనైతే గూగుల్ డాక్‌లో రాయమన్నాను. ఆ అమ్మాయి చేత్తో రాసి బీరువా తలుపుకు అతికించింది, ఆమెదే సరైన పద్ధతి.

ఏడాది తర్వాత పెళ్లికి ఇరవై రోజులు సెలవు పెట్టింది. నాలుగో రోజున సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎవరికీ చెప్పకుండా డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు, పొద్దున్న మెసేజ్ రాలేదు. లోడింగ్ దగ్గర లెక్క రాసుకునే కుర్రాడు బీరువా ముందు నిలబడి కాగితం చదివి, కొత్త పాస్‌వర్డ్ అడిగి తీసుకుని, అది వేయవలసిన చోట వేసి, ఫ్లోను చేత్తో నడిపాడు. గత మూడు రోజులవి తెమ్మని ఉంది కాబట్టి ఏదీ తప్పిపోలేదు. రెండుసార్లు నొక్కానని భయపడ్డాడు గానీ, మొత్తం మారలేదు.

నాకు ఫోన్ చేసి చెబుతూ ఆ కాగితం ఫొటో కూడా పంపాడు. అన్నింటికంటే కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో ఆమె రాసిన పంక్తి ఉంది: ‘లెక్క తేడా వస్తే నాకు ఫోన్ చేయొద్దు. ఐదో పాయింటు మళ్లీ చదవండి.’